తెర మీది విందు, ఇంట్లో పొయ్యి: భారతీయ సినిమాలో తిండిపై చర్చ ఎక్కడిదాకా వచ్చింది?

గత పదిహేనేళ్లుగా మన సినిమాల్లో తిండి గురించిన మాట బాగా పెరిగింది. 2013లో ‘ద లంచ్‌బాక్స్’ వచ్చినప్పుడు క్యారేజీ గిన్నెల్లో ఇంత ప్రేమ పడుతుందా అని ముచ్చటపడ్డారు. 2021లో ‘ద గ్రేట్ ఇండియన్ కిచెన్’ వచ్చాక, అలాంటి గిన్నెల వెనక ఎంత చాకిరీ ఉందో చూడమన్నారు. ఈ రెండింటి నడుమ వచ్చిన ‘ఆఖూని’, వంట వాసన కారణంగా అద్దె ఇంట్లో బతుకు ఎలా బిక్కుబిక్కుమంటుందో చూపించింది. 2023 డిసెంబరులో విడుదలైన తమిళ ‘అన్నపూరణి’ దగ్గరికి వచ్చేసరికి గొడవ పోలీసు ఫిర్యాదుల దాకా వెళ్లింది. ఇన్ని వాదాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడడంతో ఎవరు దేని గురించి మాట్లాడుతున్నారో తెలియకుండా పోయింది.

ఈ చిక్కుముడిలో మూడు ప్రశ్నలు కలిసిపోయాయి. తెర మీద తిండి దేనికి గుర్తుగా నిలుస్తోంది? ఆ తిండి వండినవాళ్లెవరు, తినడానికి కూర్చోనివ్వనివాళ్లెవరు? తెర మీద చూసినదాని వల్ల ఇళ్లలో వంట ఏమైనా మారిందా? మొదటి ప్రశ్నకు జవాబు చెబుతున్నవారిని రెండో ప్రశ్న అడుగుతున్నవారు మందలిస్తున్నారు. మూడో ప్రశ్న గురించి అందరూ నమ్మకంగా మాట్లాడుతున్నారు గాని, చేతిలో ఆధారాలు తక్కువ. అందుకని వీటిని విడదీసి, చరిత్రతో మొదలుపెట్టి చూడడం మంచిది.

1957: నిండిన గంగాళాలు, ఖాళీ కుండలు

1957 మార్చిలో కె.వి. రెడ్డి ‘మాయాబజార్’ వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో మెహబూబ్ ఖాన్ ‘మదర్ ఇండియా’ వచ్చింది. తిండి విషయంలో మన సినిమా పట్టిన రెండు దారులూ ఈ రెండింటిలో స్పష్టంగా కనిపిస్తాయి.

‘మాయాబజార్’లో మగపెళ్లివారి కోసం సిద్ధమైన విందంతా ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడు ఒక్కడే ఆరగిస్తాడు. లడ్డూలు వాటంతటవే నోట్లోకి ఎగిరి వస్తాయి. మార్కస్ బార్ట్‌లీ కెమెరా చేసిన ఆ మాయ ఇప్పటికీ పాతబడలేదు. ఆ సినిమాలోనే కౌరవుల పక్షాన వచ్చిన శర్మ, శాస్త్రి గోంగూర కోసం పట్టుబడతారు. ద్వాపరయుగపు కౌరవ ప్రభువులకు గోంగూర లేనిదే ముద్ద దిగదట. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబరు 1న. అప్పటికి ఐదు నెలలైనా నిండని రాష్ట్రంలో, పురాణ కథలో ఒక ఆకుకూరను జాతి చిహ్నంగా కూర్చోబెట్టడం వట్టి హాస్యమని తీసిపారేయలేం. ఒక భాష మాట్లాడేవాళ్లంతా ఒకే కంచం ముందు కూర్చున్నట్టు ఊహించుకునే పనిలో సినిమా తన వంతు సాయం చేసింది.

‘మదర్ ఇండియా’లో కథ తలకిందులుగా ఉంటుంది. వరద తీశాక బురదలో దుంపలు వెతికి పిల్లల ఆకలి తీర్చే తల్లి నర్గీస్. ఆకలిని ఇలా ఎదురుగా నిలబెట్టి చూపడం అంతకు రెండేళ్ల ముందే ‘పథేర్ పాంచాలీ’లో సత్యజిత్ రాయ్ చేశాడు. దొంగిలించిన జామకాయను దుర్గ ముసలి ఇందిర్‌కు తెచ్చి ఇస్తుంది. మిఠాయివాడి వెనక పిల్లలు పరుగెత్తుతారు, కొనడానికి డబ్బులుండవు. ఇంట్లో గడవక సర్వజయ గిన్నెలు అమ్ముకుంటుంది. 1973లో రాయ్ తీసిన ‘అశని సంకేత్’ 1943 బెంగాల్ కరువు కథ. దానికి బెర్లిన్ ఉత్సవంలో గోల్డెన్ బేర్ వచ్చింది. పచ్చటి పొలాలను అంత అందమైన రంగుల్లో చూపితే కరువు బరువు తగ్గదా అని కొందరు విమర్శకులు అడిగారు. పొలం పచ్చగా ఉండగానే బియ్యం మాయమవడం ఆ కరువులోని అసలు ఘోరం. కాబట్టి ఆ రంగులు కథకు అవసరమే అన్న వాదన నాకు సబబుగా తోస్తుంది.

అరవైల్లో దేశంలో తిండిగింజల కొరత ముదిరింది. అమెరికా నుంచి పి.ఎల్. 480 కింద గోధుమలు దిగాయి. వారానికి ఒక పూట తిండి మానుకోమని ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ప్రజలను అడిగారు. ఆయన ఇచ్చిన ‘జై జవాన్, జై కిసాన్’ నినాదం చుట్టూ మనోజ్ కుమార్ ‘ఉప్‌కార్’ (1967) అల్లాడు. 1974లో అతనే ‘రోటీ కపడా ఔర్ మకాన్’ తీశాడు. తెలుగువారికి ఈ వరసలో మొదట గుర్తొచ్చేది కె. బాలచందర్ ‘ఆకలి రాజ్యం’ (1981). ఢిల్లీలో ఉద్యోగాలు దొరకని కుర్రాళ్లు, బయటి మనిషికి తమ పస్తు తెలియకూడదని ఖాళీ గిన్నెల ముందు విందు ఆరగిస్తున్నట్టు నటించే సన్నివేశం ఒక్కటి చాలు. ‘మాయాబజార్’ విందుకు అది సరిగ్గా ఎదురు బొమ్మ. అక్కడ తిండి కొండంత ఉంది, తినేవాడు ఒక్కడే. ఇక్కడ తినేవాళ్లున్నారు, తిండి లేదు. జంధ్యాల ‘అహ నా పెళ్లంట’ (1987) లో కోట శ్రీనివాసరావు వేలాడదీసిన కోడిని చూస్తూ వట్టి అన్నం తింటాడు. లేమిని పిసినారితనంగా మార్చేసరికి ఆ ఊహాభోజనమే నవ్వు పుట్టించింది.

విందు దారి, ఆకలి దారి పైకి శత్రువుల్లా ఉన్నా వాటికి ఒక పోలిక ఉంది. రెండింటికీ కావలసిన లెక్క తిండి ఉందా లేదా అన్నదే. వండే మనిషి మీద చూపు ఎక్కువసేపు నిలవదు. తెలుగు తెర మీద అన్నిటికన్నా పేరుపొందిన విందును ఎవరూ వండలేదు, అది మాయతో పుట్టింది. పొగ, చెమట, కాలిన చేతులు అందులో లేవు. తర్వాతి చర్చంతా ఈ లోటు చుట్టూ తిరిగింది.

అన్నం పెట్టే చెయ్యి: మమకారం వైపు వాదన

తిండి ఉందా లేదా అన్న లెక్క మొదటి వాదమైతే, రెండో వాదం అన్నాన్ని ప్రేమకు రూపంగా చూస్తుంది. హృషికేశ్ ముఖర్జీ ‘బావర్చీ’ (1972) దీనికి మంచి నమూనా. తపన్ సిన్హా బెంగాలీ చిత్రం ‘గల్పో హోలేయో సత్యి’ (1966) కి ఇది హిందీ రూపం. ఏ వంటమనిషీ నిలవని ఉమ్మడి కుటుంబంలోకి రాజేశ్ ఖన్నా వచ్చి, వంటతో పాటు మనుషుల మధ్య మాటలను కూడా చక్కబెడతాడు. మలయాళ ‘ఉస్తాద్ హోటల్’ (2012) ఈ వాదాన్ని కోళికోడ్ తీరానికి తీసుకెళ్లింది. కడుపు నింపడం ఎవరైనా చేస్తారనీ, మనసు కూడా నింపాలనీ తిలకన్ పోషించిన తాత మనవడికి నేర్పుతాడు. కథ చివరికి మదురైలో అనాథలకు అన్నం పెట్టే మనిషి దగ్గరికి చేరుతుంది. బిర్యానీ సినిమా అన్నదానం సినిమాగా మారడం ఆ రచనలోని బలం.

తెలుగులో ఈ వాదానికి నిలువెత్తు ఉదాహరణ ‘మిథునం’. శ్రీరమణ కథను తనికెళ్ల భరణి 2012లో సినిమాగా తీశారు. అంతకు చాలా ముందే, 2000లో, ఎం.టి. వాసుదేవన్ నాయర్ అదే కథతో మలయాళంలో ‘ఒరు చెరు పుంజిరి’ తీశారు. పిల్లలు దూరంగా స్థిరపడ్డాక ఊళ్లో మిగిలిన అప్పదాసు, బుచ్చిలక్ష్మి పెరడు, పొయ్యి, పచ్చళ్ల జాడీల మధ్య రోజులు గడుపుతారు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి ఇద్దరే కథంతా మోశారు. చూసినవాళ్లు ముసలి దంపతుల అన్యోన్యతను పొగిడారు. ఇంకో చూపుతో చూస్తే, మొగుడి తిండియావ తీర్చడంలోనే ఆ ఇల్లాలి పొద్దంతా గడిచిపోతుంది. రెండు చదువులూ అదే సినిమాలో ఉన్నాయి. పెరడు పనిలో అప్పదాసు శ్రమ కూడా కలుస్తుంది కాబట్టి, నేను మొదటి చదువు వైపే కొంచెం మొగ్గుతాను. అయితే రెండోది అడిగినవాళ్లను తప్పుపట్టలేను.

‘ద లంచ్‌బాక్స్’ ఈ ధోరణిలో అన్నిటికన్నా లోతైనది. ముంబయి డబ్బావాలాల చేతిలో ఒక క్యారేజీ దారి తప్పుతుంది. దూరమవుతున్న భర్త కోసం ఇలా అనే ఇల్లాలు వండింది, పదవీ విరమణకు దగ్గరపడిన ఒంటరి గుమాస్తాకు చేరుతుంది. హోటల్ నుంచి అతనికి రావలసిన గోబీకూర భర్త తిని బాగుందంటాడు. భార్య చేతి వంటకూ హోటలు వంటకూ తేడా తెలియనంతగా ఆ మనిషి ఇంటికి దూరమయ్యాడని ఆ ఒక్క మాటతో ఇలాకు అర్థమవుతుంది. గిన్నెలో ఉత్తరం పెట్టడం, పై అంతస్తు దేశ్‌పాండే ఆంటీ కిటికీలోంచి బుట్టలో మసాలా దించడం, వంట రుచి తెరకు అందదు కాబట్టి ఇర్ఫాన్ ఖాన్ మొహంలో దాన్ని చూపడం గురించి ఎంతో రాశారు. ఎక్కువగా గుర్తించని సంగతి ఒకటుంది. గుర్తింపు కోసం వండిన మనిషికి, చివరికి కావలసింది ఆ ఇంట్లోంచి బయటపడే దారి. రితేశ్ బత్రా సినిమాను మమకారం సినిమాగా మాత్రమే చదివితే సగమే చదివినట్టు.

చాకిరీని గంటల్లో లెక్కించినవారు

మూడో వాదం స్త్రీవాదులది. సినిమాకు ముందే సాహిత్యం ఈ మాట చెప్పింది. తెలుగులో విమల రాసిన ‘వంటిల్లు’ కవిత, మలయాళ సినిమా రావడానికి చాలా ఏళ్ల ముందే తెలుగు పాఠకులకు పరిచయం. ఇంటిలో వంటగదికి ఇచ్చిన చోటును, అందులో ఆడదానికి ఇచ్చిన చోటును అది నిలదీసింది.

జియో బేబీ ‘ద గ్రేట్ ఇండియన్ కిచెన్’ 2021 జనవరి 15న నీస్ట్రీమ్ అనే చిన్న ఓటీటీ వేదిక మీద విడుదలై, నోటి మాటతో దేశమంతా పాకింది. కేరళ రాష్ట్ర ఉత్తమ చిత్రం పురస్కారం దానికి దక్కింది. నాట్యం నేర్చుకున్న అమ్మాయి ఒక మర్యాదస్థుల ఇంటికి కోడలుగా వెళుతుంది. మామగారు మంచి మాటలతోనే అన్నం కట్టెల పొయ్యి మీద వండమంటారు. పచ్చడి రాతి మీద నూరితేనే రుచి అంటారు. బట్టలు యంత్రంలో వేస్తే చిరుగుతాయంటారు. సింకు కింద గొట్టం కారుతుంటే బాగుచేయించే దిక్కుండదు. మగవాళ్లు నమిలి ఉమ్మిన పిప్పి పడి ఉన్న బల్ల దగ్గరే ఆడవాళ్లు తర్వాత కూర్చుని తినాలి. ఎక్కడా కొట్టడం లేదు, తిట్టడం లేదు. కూరలు తరగడం, గిన్నెలు తోమడం, బల్ల తుడవడం, మళ్లీ తరగడం. నేపథ్య సంగీతం దాదాపు లేకుండా కత్తి చప్పుడు, పోపు చిటపట, నీటి ధార మాత్రమే వినిపిస్తాయి. మొదటి పావుగంట నోరూరించే అవే చప్పుళ్లు తర్వాత ఊపిరాడనివ్వవు. ఒకే దృశ్యాన్ని మార్చకుండా దాని అర్థాన్ని మార్చిన ఈ కూర్పు మన సినిమాలో పెద్ద సాధన అని నా నమ్మకం.

ఆ సినిమా చూపింది అతిశయమని అన్నవారూ ఉన్నారు. 2025లో హిందీ రూపం ‘మిసెస్’ వచ్చినప్పుడు, వంట చేయడంలో అంత ఒత్తిడి ఏముంటుందని ఒక పురుష హక్కుల సంస్థ అడిగింది. జవాబుకు ఒక లెక్క ఉంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనిలో ఒక రోజున పాలుపంచుకున్న ఆడవాళ్లు 81.2 శాతం, మగవాళ్లు 26.1 శాతం. పాలుపంచుకున్నవారిలో ఆడవాళ్లు వెచ్చించింది రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97. ఐదు గంటలకు ఒక్క నిమిషం తక్కువ. దీన్ని అతిశయం అనడం కుదరదు.

అయితే ఈ వాదానికి ఉన్న ఒక పరిమితినీ చెప్పాలి. ఆ మలయాళ ఇల్లు ఆస్తిపరుల ఇల్లు, అగ్రకులపు ఇల్లు. కూలికి వెళ్లొచ్చి రాత్రి పొయ్యి ముట్టించే ఆడవాళ్ల కథ వేరు, వాళ్ల విసుగు వేరు. భర్త అతిథుల ముందు లడ్డూలు చుట్టడానికే పుట్టిందని భార్య గురించి చెప్పే ‘ఇంగ్లిష్ వింగ్లిష్’ (2012) సంగతీ ఇంతే. శ్రీదేవి పాత్రకు ఆ లడ్డూలే సొంత సంపాదన కూడా. వంట బందిఖానా అయిన ఇంట్లోనే, అది చేతిలో నాలుగు రూపాయలు నిలిపే విద్య కూడా అవుతుంది. ఈ రెండు నిజాలను ఒకే కథలో ఇమడ్చడం ఇంకా ఎక్కువమందికి పట్టుబడలేదు.

తెలుగులో పాతదొక దృశ్యం ఇక్కడ గుర్తు చేయాలి. ‘గుండమ్మ కథ’ (1962) లో పనివాడి వేషంలో ఎన్.టి. రామారావు రుబ్బురోలు ముందు కూర్చుని పిండి రుబ్బుతూ, మహిళాలోకం మేలుకొందని పాడతాడు. అప్పటికి అగ్రనటుడైన మనిషి చేత, సావిత్రి పక్కన, ఆ పని చేయించారు. పొత్రం మగవాడి చేతికి రావడానికి మారువేషం కావలసి వచ్చిందన్నది నిజమే. అయినా అరవై ఏళ్ల కిందటి ఆ ధైర్యాన్ని తర్వాతి తెలుగు కథానాయకులు అందుకున్న సందర్భాలు తక్కువ. ‘పెళ్లి చూపులు’ (2016) లో వంట ఇష్టపడే కుర్రాడు వచ్చాడు. అతను వండేది ఫుడ్ ట్రక్ కోసం, అంటే డబ్బు కోసం. మగవాడు వండితే వృత్తి, ఆడది వండితే విధి అన్న విభజన ‘బావర్చీ’ నుంచి ఇప్పటిదాకా పెద్దగా చెదరలేదు.

ఏ వంట, ఎవరి వాసన, ఎవరి పంక్తి

నాలుగో వాదం కులం, ప్రాంతం వైపు నుంచి వచ్చింది. ఇది మిగతా మూడింటినీ నిలదీస్తుంది. దీనికి సామాజికశాస్త్రంలో పునాది ఉంది. ఆర్.ఎస్. ఖరే 1976లో హిందువుల ఇళ్లలో పొయ్యి, మడి గురించి పుస్తకం రాశారు. అర్జున్ అప్పాదురై 1981లో తమిళ బ్రాహ్మణ కుటుంబాల ఉదాహరణతో, ఎవరికి ముందు వడ్డించారు, ఎవరిని చివర కూర్చోబెట్టారు అన్నవి అధికారపు గొడవలని చూపారు.

ఈ పరిశోధనలు చెప్పినదాన్ని పండితులెవరూ లేకుండానే ‘బలగం’ (2023) చెప్పింది. వేణు యెల్దండి తీసిన ఈ తెలంగాణ పల్లె కథలో బావ, బావమరిది ఇరవై ఏళ్లు మాట్లాడుకోకపోవడానికి మూలం ఒక నల్లిబొక్క. విందులో తన విస్తట్లో పడని ఎముక ముక్క అల్లుడికి అవమానమైంది. కొమురయ్య పోయాక పెట్టిన పిండాన్ని కాకి ముట్టదు. ఇంటివాళ్లంతా ఒకటైతే గాని ముట్టదు. తిండి ఇక్కడ ప్రేమకు గుర్తూ అయింది, పంతానికి సాక్ష్యమూ అయింది. కోడికూర, కల్లు, మటన్ ముక్కల మధ్యే చావు కర్మలు సాగడాన్ని ఏ సంజాయిషీ లేకుండా చూపడం అంతకన్నా పెద్ద సంగతి.

ఎందుకంటే, 2014 నాటి నమూనా నమోదు వ్యవస్థ సర్వే ప్రకారం తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు దాటినవారిలో మాంసాహారులు 98 శాతానికి పైన. మన కుటుంబ చిత్రాల పండగ విస్తరి మీద మాత్రం పప్పు, ఆవకాయ, గారెలు, పులిహోర ఎక్కువగా కనిపిస్తాయి. రోజూ ఇళ్లలో తినేది, తెర మీద ‘మన తిండి’గా చూపేది వేరువేరుగా ఉండిపోయాయి. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు పెద్దకూర పండుగ జరిపినప్పుడు లేచిన గొడవ ఈ దూరాన్నే బయటపెట్టింది. ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ విద్యార్థులు తీసిన ‘క్యాస్ట్ ఆన్ ద మెనూ కార్డ్’ డాక్యుమెంటరీని 2015లో ఢిల్లీ ఉత్సవంలో చూపడానికి కేంద్ర సమాచార శాఖ అనుమతి ఇవ్వలేదు. ‘అన్నపూరణి’లో పూజారి కూతురు మాంసం వండి పేరున్న వంటగత్తె అవుతుంది. ఫిర్యాదుల తర్వాత 2024 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ దాన్ని తీసేసింది.

నికొలస్ ఖర్కొంగోర్ ‘ఆఖూని’ ఢిల్లీలో ఉండే ఈశాన్య రాష్ట్రాల యువత కథ. స్నేహితురాలి పెళ్లికి పులియబెట్టిన సోయాతో కూర వండాలి. ఎక్కడ వండినా వాసన బయటపడుతుంది. 2007లో ఢిల్లీ పోలీసులు ఈశాన్య విద్యార్థుల కోసం అచ్చువేసిన పుస్తకంలో, ఇలాంటి ఘాటు వంటలతో ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించవద్దని సలహా ఇచ్చారు. ఇది గుర్తుంటే ఆ సినిమా హాస్యం కింది నొప్పి అర్థమవుతుంది. సినిమాకు వాసన లేదు. అందుకే తెర మీద నోరూరించే వంట చేసినంత తేలిగ్గా, ముక్కు మూసుకునే పొరుగువాడి ముందు మన సానుభూతిని వంటవైపు నిలపడం కుదరదు. ఈ సినిమా దాన్ని సాధించింది.

షాహూ పాటోళే మరాఠ్వాడా దళితుల వంటల గురించి 2015లో మరాఠీలో రాసిన పుస్తకం, అన్నాన్ని పూర్ణబ్రహ్మగా చెప్పే సంప్రదాయానికి శీర్షికతోనే ఎదురు నిలిచింది. సినిమాలో నాగరాజ్ మంజులే ‘ఫాండ్రీ’ (2013) పందిని పట్టే కుటుంబాన్ని చూపింది. ‘జై భీమ్’ (2021) పొలాల్లో ఎలుకలు పట్టే ఇరులర్లను చూపింది. వీటిలో తిండి సేకరణ, దాని చుట్టూ ఉన్న అవమానం కనిపిస్తాయి. ఆ తిండి రుచి, దాన్ని వండే నేర్పు, తిన్నప్పటి సంతోషం మాత్రం ఇంకా అరుదు. దళిత వాడల వంటకు జాలి చూపు దొరికింది, ‘ఉస్తాద్ హోటల్’ బిర్యానీకి దొరికిన గౌరవం దొరకలేదు.

ఐదు చూపులు పక్కపక్కన

ఒకే దృశ్యం తీసుకుందాం: ఇల్లాలు భర్తకు అన్నం వడ్డిస్తోంది. విందు చూపు విస్తరి నిండుగా ఉందా అని చూస్తుంది. ఆకలి చూపు కుండలో ఆమెకు మిగిలిందా అని. మమకారం చూపు ఆమె మొహం వైపు, అతను మొదటి ముద్ద నోట పెట్టుకున్న క్షణం వైపు తిరుగుతుంది. స్త్రీవాదపు చూపు తెల్లవారుజామున ఆమె ఎన్నింటికి లేచిందో, ఎన్నింటికి తింటుందో అడుగుతుంది. కులం చూపు ఆ గుమ్మం బయట నిలబడి, వంటింట్లోకి ఎవరిని రానిస్తారని అడుగుతుంది.

వీటిలో మమకారం చూపుకీ స్త్రీవాదానికీ మధ్య గొడవే ఎక్కువ వినబడుతుంది. నిజానికి ఆ రెండూ ఒక ఇంటి లోపలి మాటలు. ఇంట్లో వండే హక్కు, అద్దెకు దొరికే గది, పక్కవాడి సహనం ఉన్నాకే ఆ గొడవకు తీరిక. ఆకలి చూపు, కులం చూపు ఆ ఇంటి గోడ బయటివి. బయటి రెండింటినీ వదిలేసి లోపలి రెండింటినే ఎంతసేపు తర్కించినా చర్చ మధ్యతరగతి వంటగదిలోనే తిరుగుతుంది.

తెర నుంచి పొయ్యి దాకా

సినిమా ఇంటి వంటను మార్చిందా? అప్పాదురై 1988 వ్యాసంలో, స్వాతంత్ర్యం తర్వాత ఇంగ్లిషు వంట పుస్తకాలు రాష్ట్రాల వంటలను చేరదీసి ఒక జాతీయ మధ్యతరగతి వంటను ఎలా తయారుచేశాయో వివరించారు. మన దగ్గర ఆ పని మాలతీ చందూర్ చేశారు. మద్రాసు నుంచి ఆమె రాసిన ‘వంటలు పిండివంటలు’ అత్తారింటికి వెళ్లే అమ్మాయిల పెట్టెల్లో చోటు సంపాదించింది. 1993 నుంచి జీ టీవీలో సంజీవ్ కపూర్ ‘ఖానా ఖజానా’, ఆ తర్వాత ఈటీవీ ‘అభిరుచి’ వచ్చాయి. ఇంట్లో కొత్త వంట పుట్టించిన ఘనత పుస్తకానికి, టీవీకి, వాటి తర్వాత యూట్యూబుకు ఎక్కువగా చెందుతుంది. గుంటూరు జిల్లా గుడివాడకు చెందిన కర్రె మస్తానమ్మ నూరేళ్లు దాటిన వయసులో ఆరుబయట పొయ్యి మీద వండితే ప్రపంచమంతా చూసింది. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూశారు. అంత వయసున్న పల్లెటూరి ఆడమనిషి చేతుల్ని, ఆమె పద్ధతిలోనే, అంతసేపు తదేకంగా చూపిన సినిమా మనకు లేదు.

సినిమా చేసింది వేరే పని. ఒక వంటకానికి పరువు తెస్తుంది. ‘మిడిల్ క్లాస్ మెలోడీస్’ (2020) లో గుంటూరులో హోటల్ పెట్టాలనుకునే కుర్రాడి ఆస్తి శనగపిండితో చేసే బొంబాయి చట్నీ. పూరీ పక్కన ఉండే ఆ సాదా పదార్థం కథానాయకుడి ఆశకు ఆధారమైంది. శీర్షికకు వంటింటి పేరు పెట్టిన సినిమా ఎంత దూరం ప్రయాణించగలదో ‘సాల్ట్ ఎన్ పెప్పర్’ (2011) చెప్పింది. తప్పు నంబరుకు చేసిన దోసె ఆర్డరుతో మొదలయ్యే ఆ మలయాళ ప్రేమకథను ప్రకాశ్ రాజ్ 2014లో మూడు భాషల్లో తీశారు. తెలుగు శీర్షిక ‘ఉలవచారు బిర్యానీ’, కన్నడ శీర్షిక ‘ఒగ్గరణె’. కథ మారలేదు, శీర్షికలో వంటింటి మాట మాత్రం ఏ భాషకా భాషదే కావలసి వచ్చింది. తిండి అంత తేలిగ్గా అనువాదమయ్యేది కాదని మార్కెట్‌కు బాగా తెలుసు.

తెర ఇంటి వంటను మారుస్తుందా అన్న ప్రశ్నకు అన్నిటికన్నా నిజాయితీ గల జవాబు తమిళ ‘కాక్కా ముట్టై’ (2015) ఇచ్చింది. మురికివాడ పిల్లలిద్దరు టీవీ ప్రకటన చూసి పిజ్జా కోసం తపిస్తారు. నాయనమ్మ దోసె పిండి మీద ముక్కలు చల్లి పిజ్జాలాంటిది చేసిపెడుతుంది. డబ్బు కూడబెట్టుకుని వెళ్తే దుకాణంలోకి రానివ్వరు. తీరా తిన్నాక నాయనమ్మ దోసే నయమనిపిస్తుంది. ప్రకటన కోరికను పుట్టించగలదు, ఇంటి చెయ్యి దాన్ని తనకు తోచినట్టు మలచుకుంటుంది, గుమ్మం దగ్గరి కాపలావాడు అడ్డుపడతాడు. తెరకూ ఇంటికీ మధ్య బంధం ఈ మూడింటి నడుమే ఉంది.

తేలని సంగతులు

‘గ్రేట్ ఇండియన్ కిచెన్’ చూశాక ఎన్ని ఇళ్లలో మగవాళ్లు తమ కంచం తాము కడిగారో చెప్పే ఆధారం లేదు. సినిమా మనసుల్ని మార్చిందనేవారూ, వట్టి కబుర్లు పెంచిందనేవారూ ఊహ మీదే నిలబడ్డారు. ఇళ్లలో పనిపంపకం మారితే అది గ్యాసు బండ, నీటి కుళాయి, ఆడవాళ్ల ఉద్యోగం వల్ల ఎక్కువ మారిందా, కథల వల్ల ఎక్కువ మారిందా అన్నది విడదీసి చూడవలసిన విషయం. నా అంచనా మొదటిదానివైపే. సినిమా ఇంటి వెనకే నడిచింది. ఇల్లు దాచుకున్నదాన్ని కొన్నిసార్లు పైకి చెప్పింది.

రెండో సంగతి పాత వంట పద్ధతుల గురించి. రోటి పచ్చడి రుచి నిజం. దాన్ని నూరే భుజం నొప్పీ నిజం. సంప్రదాయ వంటను కాపాడాలనేవారు కాపాడే పని ఎవరిదో చెప్పడం లేదు. చాకిరీని ఎత్తిచూపేవారు ఆ వంట విద్య ఎక్కడికి చేరాలో చెప్పడం లేదు. రోలు దగ్గర మగవాడు కూడా కూర్చుంటే తేలే చిక్కు ఇది. ‘గుండమ్మ కథ’ తర్వాత మన కథకులు ఆ రోలును మళ్లీ అంత సరదాగా, అంత ధైర్యంగా ముట్టుకోలేదు.

మూడోది మాంసం సంగతి. ఓటీటీ వేదికల మీద వచ్చే ఒత్తిడి వల్ల దర్శకులు వంటకాలను ముందే మార్చుకుంటున్నారేమోనన్న అనుమానం బలంగా ఉంది. చూపనిదాన్ని లెక్కపెట్టడం కష్టం కాబట్టి ఇది త్వరగా తేలేది కాదు.

సినిమాల మీద రాసేవారికి ఒక విన్నపం. వంటకం పేరు, తీసిన అందం, నటుడు తిన్న తీరు రాస్తున్నారు. దానితో పాటు ఎవరు వండారు, ఎవరు చివర తిన్నారు, ఎవరి వంట ఆ కథలోకి రాలేదు అని కూడా రాయండి. దర్శకులను అడగవలసింది ఇంకొకటుంది. నూటికి తొంభై ఎనిమిది మంది మాంసం తినే రెండు తెలుగు రాష్ట్రాల్లో, వాడల్లో, తండాల్లో, మత్స్యకారుల పల్లెల్లో వండే వంటను జాలితో కాకుండా రుచితో చూపే సినిమా కావాలి. ‘బలగం’ ఆ తలుపు తీసింది. లోపలికి వెళ్లవలసినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.